స్టాకు రిజిస్టరులో బాణం

రేవులూ బల్లకట్టుల శాఖకు మౌసులు వచ్చాయి. కంప్యూటర్లు రాలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కంప్యూటర్లకొక టెండరు, మౌసులకొక టెండరు విడివిడిగా పిలిచారు. మౌసుల టెండరు పెళ్ళిభోజనంలా సాఫీగా సాగిపోయింది. కంప్యూటర్ల టెండరు మీద ఎవరో కోర్టుకెక్కారు. అందుచేత ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్నే కొత్తరేవు డివిజనల్ ఆఫీసు ముందు పన్నెండు మౌసులు దిగాయి. వాటి వెనకాలే హెడ్డాఫీసు తాఖీదు దిగింది.

"కంప్యూటరు యుగము ప్రారంభమైనందున, శాఖా సిబ్బంది యావన్మందియు మార్చి ముప్పది యొకటవ తేదీలోగా మౌస్ చాలనమునందు ప్రావీణ్యము సంపాదించి, పరీక్షనెదుర్కొని, ధ్రువపత్రము పొందవలెను. పొందని వారి పేర్లు పదోన్నతి జాబితాలో పరిశీలించబడవు. కంప్యూటర్లు ఇంకను చేరలేదను సాకు ఏ పరిస్థితిలోనూ అంగీకరించబడదు."

ఆ శాఖ సంగతి కాస్త చెప్పాలి. గోదావరి పాయల మీద ఒకప్పుడు నలభై బల్లకట్టులు తిరిగేవి. ఒక్కొక్క పాయకీ వంతెన పడుతూ వచ్చింది. బల్లకట్టులు మూడు మిగిలాయి, సిబ్బంది మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మూడింటి లైసెన్సుల గురించి పద్ధెనిమిదిమంది ఉద్యోగులు పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. ఆ ఉత్తరాలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోసేవాడు అటెండరు మావుళ్లు.

మావుళ్లుకు ఇరవయ్యారేళ్ళ సర్వీసు. వచ్చే జూన్ ఆఖరుకి రిటైరు. మోకాళ్ళు రెండూ అంతకుముందే రిటైరయ్యాయి. వరండాలో అతనికో స్టూలుంది కానీ, గంట మోగకుండా ఒక్క పావుగంట దానిమీద కూర్చున్న రోజు అతనికి గుర్తులేదు. అతని చూపంతా రికార్డుగదిలో కిటికీ పక్కనున్న కుర్చీ మీదే. చేతులున్న కుర్చీ, ఆనుకోవడానికి పేము అల్లిన వీపున్న కుర్చీ. అది రికార్డు అసిస్టెంటుది. ఆ పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. సీనియారిటీలో మొదటిపేరు మావుళ్లుదే. జాబితా మార్చి ముప్పయ్యొకటిన మూసేస్తారు. ఆ తర్వాత ఇంకో జాబితా వేసేసరికి మావుళ్లు ఇంట్లో ఉంటాడు.

"మూడు నెల్లయినా సరే, కుర్చీలో కూకుని రిటైరవ్వాలే. స్టూలుమీంచి రిటైరయితే నాకు తృప్తుండదు," అన్నాడు భార్య వీరవేణితో.

"కూర్చుందురుగానీ లెండి. ముందా మోకాళ్ళకి ఆవదం రాయనివ్వండి," అంది వీరవేణి.

తాఖీదు వచ్చిన మర్నాడే శిక్షణ మొదలైంది. హాల్లో బల్లలన్నీ వరసగా వేయించి, ఇద్దరికొక మౌసు ఇచ్చి, డివిజనల్ ఆఫీసరు భానోజీరావుగారు స్వయంగా ఒకటి పట్టుకున్నారు. అరగంటసేపు అందరూ నిశ్శబ్దంగా బల్లల్ని రుద్దారు. మౌసుల తీగలు బల్లల కిందికి వేలాడుతూ ఊగాయి.

"ఏమైనా జరుగుతోందంటారా?" అని అడిగారు భానోజీరావుగారు.

"జరుగుతోంది సార్. కనపడటం లేదంతే," అన్నాడు సూపరింటెండెంటు దక్షిణామూర్తి. ఆయన ముప్పయ్యేళ్ళ సర్వీసులో పై అధికారికి 'లేదు' అని చెప్పి ఎరగడు. ఇక రూల్సంటారా, నిద్రలో లేపి అడిగినా పేరా నంబరుతో సహా చెబుతాడు.

టైపిస్టు హైమావతిగారు వాళ్ళ చెల్లెలి ఇంట్లో కంప్యూటరు చూసిన మనిషి. ఆవిడ లేచి, "దీనికి ఎదురుగా తెర ఉంటుందండీ. తెరమీద బాణం ఉంటుంది. మనం మౌసు ఎటు జరిపితే బాణం అటు వెడుతుంది. నొక్కితే, బాణం ఎక్కడుందో ఆ ఫైలు తెరుచుకుంటుంది," అని చెప్పింది.

భానోజీరావుగారు తల పంకించారు. "అంటే మన దగ్గర మౌసుంది. ఫైళ్ళున్నాయి. లేనిదల్లా తెరా, బాణమూను."

"తెర నేలమీద గీయించవచ్చు సార్," అన్నాడు దక్షిణామూర్తి.

"మరి బాణం?"

సరిగ్గా అప్పుడే టీ గ్లాసుల పళ్ళెంతో మావుళ్లు లోపలికి వచ్చాడు. అందరూ అతని వంక చూశారు.

సాయంత్రానికల్లా హాలు మధ్యన సుద్దముక్కతో తెర గీశారు, ఇరవై అడుగులు ఇటు, పదిహేనడుగులు అటు. అందులో పన్నెండు గడులు. గడికో ఫైలు, ఉత్తుత్తివి కాదు, నిఖార్సైన సర్కారు ఫైళ్ళు. తెరమీది బాణం ఎడమవైపు పైకి వాలుగా ఉంటుందని హైమావతిగారు చెప్పింది కనక, మావుళ్లు ఎడమచెయ్యి పైకెత్తి, మెడ అటే వాల్చి నడవాలని నిర్ణయమైంది. మౌసుతోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో 'తీగ కొస తగిలించకుండా మౌసు వాడరాదు' అని ఉంది. అందుకని ఆ తీగకి పురికొస అతుకు వేసి మావుళ్లు నడుం బెల్టుకి కట్టారు.

నొక్కిన చప్పుడు హాలు అవతలికి వినపడదు గదా, అందుకని నొక్కినవాళ్ళు నోటితో 'టిక్కు' అనాలి. రెండుసార్లు నొక్కితే 'టిక్కు టిక్కు'. అప్పుడు బాణం వంగి, తానున్న గడిలో ఫైలు తీసి, విప్పి, తెచ్చి బల్లమీద పెట్టాలి. గెజిటెడ్ అధికారి స్వయంగా టిక్కు అనడం హోదాకు తగదు కనక ఆయన తరఫున సూపరింటెండెంటు అనేవాడు.

శిక్షణ పేరుతో సర్కారు పని ఆగిందని రేపు ఆడిట్లో ఎవరైనా అంటే? దానికీ దక్షిణామూర్తి ముందుచూపుతో సర్క్యులర్ వేయించాడు. "శిక్షణయందు తెరువబడిన ఫైలు వాస్తవముగా తెరువబడినట్లే భావించి, తెరచిన అధికారి దానిని అక్కడికక్కడే పరిష్కరించవలెను."

ఇక చూడండి సంబడం. భానోజీరావుగారు మౌసుని తిరగేసి పట్టుకునేవారు. దాని ప్రకారమైతే మావుళ్లు వెనక్కి నడవాలి. క్యాషియరుగారికి చెయ్యి వణుకు. దాని ప్రకారమైతే మావుళ్లు ఉన్నచోటే జ్వరమొచ్చినవాడిలా ఊగాలి. దక్షిణామూర్తి మౌసుని రూళ్ళకర్ర ఆనించి సరళరేఖలో తప్ప జరపడు. మొదటి రెండురోజులూ మావుళ్లు నిజాయితీగా మౌసు ఎటంటే అటే నడిచాడు. రెండుసార్లు గోడకి గుద్దుకున్నాడు, ఒకసారి బీరువాకి. మూడోరోజు మెట్లమీంచి వీధిలోకి వెళ్ళి సోడాబండి దగ్గర ఆగితే, పురికొస పట్టుకుని లాక్కొచ్చారు.

నాలుగోరోజు నించి అతనొక కిటుకు కనిపెట్టాడు. మౌసు పట్టినవాళ్ళెవరూ నేలమీదికి చూడటం లేదు. అందరి కళ్ళూ వాళ్ళ చేతిమీదే. 'ఏడో గడి' అని వాళ్ళు అనుకోవడం విని తిన్నగా ఏడో గడిలోకి వెళ్ళి నిలబడితే సరిపోతుంది. అలాగే చేశాడు. వారం తిరిగేసరికి ఆఫీసు ఆఫీసంతా మౌసులో ఆరితేరిపోయింది.

"ఇదేమంత బ్రహ్మవిద్య కాదయ్యా. చేతిలో ఒడుపుండాలి," అన్నారు భానోజీరావుగారు మణికట్టు తిప్పి చూసుకుంటూ.

"కొందరికి పుట్టుకతో వస్తుంది సార్," అన్నాడు దక్షిణామూర్తి.

మావుళ్లు కుడిచేత్తోనే టీ గ్లాసులు ఏరుకున్నాడు. అతని ఎడమభుజం పట్టేసింది.

ఈలోగా ఊళ్ళో ఇంకో వింత జరిగింది. తొమ్మిదేళ్ళుగా కదలని ఫైళ్ళు కదలడం మొదలెట్టాయి! తెరిచిన ఫైలు అక్కడికక్కడే పరిష్కరించాలాయె. బల్లకట్టు నడిపే సరంగు బలుసు ఏసుదాసు లైసెన్సు రెన్యువలు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిపోయినవాడు. ఒకరోజు వరండాలో మావుళ్లు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే బావా, దొరగారితో మాటాడక్కర్లేదంట, నీతో మాటాడితే చాలంట గదా! కాసేపు మా ఫైలు మీద నిలబడరా, పున్నెవుంటది."

"నిలబడ్డం నా చేతిలో లేదురా. మౌసు ఎటంటే అటే," అన్నాడు మావుళ్లు బింకంగా. మర్నాడు మాత్రం ఏసుదాసు ఫైలుమీదే నిలబడ్డాడు. టిక్కు టిక్కుమంది. లైసెన్సు వచ్చేసింది. ఏసుదాసు ఆనందం పట్టలేక సంతకం పెట్టిన భానోజీరావుగారిని వదిలేసి మావుళ్లుకు దండం పెట్టి వెళ్ళాడు. ఇరవయ్యారేళ్ళలో తనకెవరైనా దండం పెట్టడం అదే మొదలు. మావుళ్లుకు ఆ రాత్రి అన్నం సయించలేదు, అంత సంతోషం.

మార్చి మొదట్లో హెడ్డాఫీసు శిక్షణ పరికరాల జాబితా పంపమంది. దక్షిణామూర్తి స్టాకు రిజిస్టరు తీసి రాశాడు: "మౌసులు – పన్నెండు. తెర, నేలమీదిది – ఒకటి. పురికొస – ఒక ఉండ. బాణం – ఒకటి." రాసినదానికి నంబరు వెయ్యాలి, వేసిన నంబరు పరికరంమీద కనపడాలి. పెయింటరుని పిలిచి మావుళ్లు బెల్టుమీద తెల్లరంగుతో పదిహేను అని వేయించారు.

ఆ నంబరు పడ్డ ఘడియెలాంటిదో గానీ, అక్కణ్ణించి మావుళ్లు సంగతే మారిపోయింది. మోకాలు వాచి సెలవు చీటీ పెడితే, పరికరాలకు సెలవు నియమావళి వర్తించదని తిప్పికొట్టారు. వర్తించేది మరమ్మతు నియమావళి. దాని ప్రకారం మూడు కొటేషన్లు పిలవాలి. ఒకటి సర్కారు డాక్టరిచ్చాడు, ఒకటి ఎముకలు కట్టే నాయుడిచ్చాడు, మూడోది ఎక్కడా దొరక్క సైకిలుషాపువాడు ఇచ్చాడు. అందరికన్నా తక్కువ సైకిలుషాపువాడిదే. వాడు కందెన డబ్బా పుచ్చుకుని వచ్చి మావుళ్లు మోకాళ్ళు చూసి, "నావల్ల కాదు బాబూ, బేరింగులు పోయినియ్యి," అని వెళ్ళిపోయాడు. మరమ్మతు ప్రయత్నించినట్టు ఫైల్లో నమోదైంది.

ఇదంతా మావుళ్లు నవ్వుతూనే భరించాడు. ఈ నెలాఖరుదాకానే గదా, ఆనక కుర్చీ ఉంది గదా అనుకున్నాడు. పదోన్నతికి అర్జీ పెట్టుకున్నాడు. పరీక్షకు కూడా పేరిచ్చాడు.

పరీక్షరోజు రానే వచ్చింది. మార్చి ముప్పయ్యొకటి. హెడ్డాఫీసు నించి పరిశీలకులు గోవర్ధనంగారు దిగారు. పొద్దున్నే గడుల్లో ఫైళ్ళు సర్దడం మావుళ్లు పని. అలా సర్దుతుంటే మూడో గడిలో పెట్టాల్సిన ఫైలుమీద తన పేరే కనపడింది. అక్కడికక్కడే విప్పాడు. దక్షిణామూర్తి ముత్యాలకోవ దస్తూరీ.

"అర్జీదారు స్టాకు రిజిస్టరు పదిహేనవ నంబరు పరికరము. పరికరములు పరీక్షకు కూర్చొనుటకు గాని, పదోన్నతి పొందుటకు గాని అర్హములు కావు. తిరస్కరించవచ్చును. సంతకము నిమిత్తం సమర్పించడమైనది." కింద భానోజీరావుగారి సంతకానికి చోటు ఖాళీగా ఉంది.

మావుళ్లు ఆ ఫైలు పట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి పరుగెత్తాడు. పరుగెత్తడమంటే అతనికి చేతనైనంత.

"ఇదేంటి బాబూ, నేను పరికరవేంటండీ? తవరికి పాతికేళ్ళబట్టీ టీ ఇత్తన్నానండీ!"

"నాకు తెలియదటయ్యా?" అన్నాడు దక్షిణామూర్తి నిజంగానే బాధపడుతూ. "వ్యక్తిగతంగా నువ్వు మనిషివే, నేను కాదనను. కానీ రిజిస్టరులో పడ్డావు. ఒకసారి రిజిస్టరులో పడ్డది పాడైపోతే తీసెయ్యొచ్చు, తప్పిపోతే తీసెయ్యొచ్చు. బాగా పనిచేస్తున్నదాన్ని తీసెయ్యడానికి రూలు లేదు."

"నేను పరీచ్చ రాత్తానండి. ఎవరన్నా కాసేపు బాణంగా నిలబడితే చాలండి."

"బాణం నువ్వేగా? నువ్వు మౌసు పట్టుకుంటే నిన్నెవరు నడిపిస్తారు? ఆలోచించుకో."

మావుళ్లు ఆలోచించుకున్నాడు. ఒళ్ళు మండింది. ఇరవయ్యారేళ్ళూ రాని కోపం అతనికి ఆవేళ పది నిమిషాల్లో వచ్చింది. ఫైలు మూడో గడిలో పెట్టి, బెల్టుకి పురికొస కట్టించుకుని, చెయ్యెత్తి నిలబడ్డాడు.

మొదటివంతు భానోజీరావుగారిది. గోవర్ధనంగారు చీటీ తీసి చదివారు. "తొమ్మిదో గడిలో ఫైలు తెరవండి."

భానోజీరావుగారు మణికట్టు ఒకసారి విదిలించి, కళ్ళు అరమోడ్చి, మౌసు జరిపారు. మావుళ్లు హుందాగా నడిచి వెళ్ళి మూడో గడిలో నిలబడ్డాడు.

"టిక్కు టిక్కు," అన్నాడు దక్షిణామూర్తి, గెజిటెడ్ అధికారి తరఫున.

మావుళ్లు వంగి, ఫైలు తీసి, విప్పి, తెచ్చి బల్లమీద పెట్టాడు. గోవర్ధనంగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఇది మూడో గడి కదండీ! మౌస్ చాలనమునందు తమరికి ప్రావీణ్యము లేనట్టు రాయమంటారా?"

డివిజనల్ ఆఫీసరు పరీక్ష తప్పడమా! భానోజీరావుగారి మొహం కందగడ్డ అయింది.

"నా చెయ్యి తిన్నగానే వెళ్ళింది. బాణమే తప్పు నడిచింది!"

"బాణం తప్పు నడవడమేమిటండీ? అది పరికరం కదా?" అన్నారు గోవర్ధనంగారు.

మావుళ్లు ఎత్తిన చెయ్యి దించాడు. నెలన్నర తర్వాత ఆఫీసు టైములో ఆ చెయ్యి దిగడం అదే మొదటిసారి.

"దొరగారు ఒక్క మాట చెప్పనివ్వాలండి. నేను పరికరవైతే తప్పు నడవడం నావల్ల కాదండి, ఆ తప్పు తవరి చేతిదే అవుద్దండి. నేను మనిషినైతే తప్పు నాదేనండి, ఒప్పేసుకుంటాను. దణ్ణం పెట్టి అడుగుతున్నా. ఏదో ఒకటి రాసెయ్యండి."

భానోజీరావుగారు దక్షిణామూర్తి వంక చూశారు. దక్షిణామూర్తి, ఆయన్ని చూస్తే జాలేస్తుంది ఎవరికైనా, జీవితంలో మొదటిసారి ఏ పేరానూ చెప్పలేకపోయాడు.

"మనిషే," అన్నారు భానోజీరావుగారు గొంతు సవరించుకుని. "పొరపాట్లు చేసే మనిషే. నేను ధ్రువీకరిస్తున్నాను."

"నోటిమాట చెల్లదు. ఫైలు తెరిచారు గదా, తమ సర్క్యులరు ప్రకారం అక్కడికక్కడే పరిష్కరించండి," అన్నారు గోవర్ధనంగారు.

"ధ్రువపత్రం లేదు సార్, ఇతనికి..." అని గొణిగాడు దక్షిణామూర్తి.

భానోజీరావుగారికి ఇంక ఒక్క క్షణం ఆ బల్లదగ్గర ఉండాలని లేదు. కలం లాక్కుని బరబరా రాసేశారు. "పదిహేనవ నంబరు మనిషి అని విచారణలో రుజువైనందున స్టాకు నుండి తొలగించడమైనది. ఇతడు మౌస్ చాలనమును అందరికంటె ఎక్కువగా, కాలినడకన పూర్తిచేసియున్నందున ధ్రువపత్రమునకు అర్హుడు. రికార్డు అసిస్టెంటుగా నియమించడమైనది."

సంతకం పడింది. తేదీ పడింది. తడి ఆరేదాకా మావుళ్లు దానిమీద ఊదుతూనే ఉన్నాడు. ఆ తర్వాత చెయ్యి మళ్ళీ పైకెత్తి, మిగతా వాళ్ళందరినీ ఎవరి గడిలోకి వాళ్ళని తప్పు లేకుండా నడిపించి, భానోజీరావుగారికి రెండో అవకాశమూ ఇప్పించి, ఆఫీసు మొత్తాన్ని పాసు చేయించాడు. నూటికి నూరు శాతం ప్రావీణ్యమని రాసుకుని గోవర్ధనంగారు సాయంత్రం బస్సెక్కేశారు.

మర్నాడు మావుళ్లు రికార్డుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. మొదటిరోజు వీరవేణి క్యారేజీ తెచ్చిన వంకన వచ్చి గుమ్మంలోంచి కళ్ళారా చూసి వెళ్ళింది.

మే నెలలో కోర్టు కేసు తేలి, కొత్తరేవుకి ఒక కంప్యూటరు వచ్చింది. పెట్టడానికి బందోబస్తున్న గది అదొక్కటే కనక రికార్డుగదిలోనే పెట్టారు. బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, మీట నొక్కారు. అద్దం వెలిగింది. ధ్రువపత్రాలున్న మిగతా పద్ధెనిమిదిమందీ చుట్టూ మూగారు. భానోజీరావుగారు కొత్తబట్టల్లో కూర్చుని, మౌసుమీద చెయ్యి వేసి, కళ్ళు అరమోడ్చి, కుడివైపుకి జరిపారు.

దక్షిణామూర్తి "టిక్కు" అన్నాడు.

అందరూ ఒక్కసారి వంగి నేలమీదికి చూశారు. నేల ఖాళీగా ఉంది.

"బాణమేదీ?" అన్నారు భానోజీరావుగారు కంగారుగా. మౌసు ఇంకా జోరుగా కుడివైపుకి తోశారు. ఫలితం లేదు. పద్ధెనిమిది జతల కళ్ళు నేలమీంచి మెల్లగా లేచి, కిటికీ పక్కకి తిరిగి, మావుళ్లు మీద ఆగాయి.

దొరగారు చూస్తే లేచి నిలబడటం మావుళ్లు కాళ్ళకి ఇరవయ్యారేళ్ళ అలవాటు. అవి అతన్ని అడక్కుండానే లేవబోయాయి. ఎడమచెయ్యి దానంతటదే సగందాకా పైకి వెళ్ళింది. మావుళ్లు ఆ చేతిని కుడిచేత్తో పట్టుకుని కిందికి లాగాడు. రెండు చేతులతోనూ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. వెనక్కి పూర్తిగా ఆనుకున్నాడు.

"అద్దంలో ఉందండి," అన్నాడు. "నేను కాదండి."